ఎస్తేరమ్మ స్కర్టుకు కొత్త కొలత

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నిన్న శామీర్‌పేట చర్చి బడి పంతులమ్మ ఎస్తేరమ్మ స్కర్టు కుట్టమని మన మేడ్చల్ దుకాణానికి వచ్చింది. ఆమె ఎడమ తుంటి ఎత్తు కదా, నువ్వు ఎన్నిసార్లు అంచు సరిచేసినా స్కర్టు ఆ పక్క పైకి లేచేది. దాన్ని చేత్తో కిందికి లాగి పట్టుకునే నడిచేది.

లోపం అంచులో కాదు, నడుము దగ్గరి మడతకుట్లలో ఉందని నాకు ఎప్పటినుంచో అనుమానం. నువ్వు కోప్పడతావని అనలేదు. ఆమె తెచ్చింది రేషను మీద ఇచ్చే కంట్రోలు బట్ట, పాడైతే మళ్ళీ దొరకదు. అయినా ఆమె కొలతలకు నువ్వు గీసిన కాగితం నమూనా తీసి కత్తెర పట్టాను.

"మీ బాపు చేతి కాయిదం, కొయ్యకు బిడ్డా," అంది అమ్మ.

"దాసిపెడితే దుకాణం నడుస్తదా?" అన్నాను.

ఎత్తు తుంటికి సరిపోయేలా ఎడమ వైపు మడత లోతు పెంచి, పైన బట్ట ఎక్కువ వదిలాను. కుడి వైపు మడత తగ్గించాను. ఈ రోజు ఎస్తేరమ్మ అది తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ నడిచింది.

"ఏంది బిడ్డా, లేస్తనే లేదు!" అంటూ రెండు చేతులూ ఊపుకుంటూ బజారు వైపు వెళ్ళింది.

నీ కుట్టుమిషను అమ్మేయమని పోరుతున్న చిన్నాయన అక్కడే ఉన్నాడు.

"మిషను ఈడనే ఉంటది. ఇగ నేనే కుడత," అని చెప్పేశాను.

నీ బిడ్డ,
రాహేలు