దొర అన్నం మానలేదు

నాచారం,
సోమవారం పొద్దున.

అక్కకు,

నీ ఏకైక తమ్ముడు శ్రీకాంత్ నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ నేనూ నీ కుక్క దొరా ఇద్దరం ప్రాణాలతో ఉన్నాం. ఇద్దరిలో ఎవరు ఎంత క్షేమమో తేల్చి చెప్పడానికే ఈ ఉత్తరం. అక్కడ నువ్వు, బావ, అత్తమ్మ, కొత్తగా నడక నేర్చిన చిన్ని బాగున్నారని అనుకుంటున్నాను. చిన్ని మొన్న నడుచుకుంటూ పోయి బావ చెప్పులో ఉచ్చ పోసిందని విన్నాను. మేనమామ దీవెనలు అందజెయ్యి.

జనగామకూ నాచారానికీ మధ్య రెండు గంటల బస్సు. ఇంత దూరానికి ఉత్తరమేమిటి, వీడికేమైనా అయిందా అని నువ్వు అనుకుంటూ ఉంటావు. నీ ఫోన్ చెవి దగ్గర పనిచేయడం మానేసి ఆరు నెలలైంది. లౌడ్‌స్పీకర్ పెడితేనే నీకు వినపడుతుంది. నేను ఇక్కడ హలో అంటే అక్కడ అత్తమ్మ "తిన్నవా బిడ్డా" అంటుంది. ఎరువుల దుకాణానికి బయలుదేరిన బావ గుమ్మంలో ఆగిపోతాడు. వాట్సాప్‌లో రాస్తే నీకన్నా ముందు బావే చదువుతాడు. అందుకని కాగితం. దీన్ని వంటింట్లో నిలబడి, ఒక్కదానివే చదువు.

శుక్రవారం ఫోన్లో నువ్వన్నావు కదా, "వచ్చే ఆదివారం బావ కారేసుకోని వస్తడు, దొరను పంపియ్యిరా, ఆడ పానం పడ్తలేదంటున్నవ్ గదా" అని. కుక్క వద్దన్న అత్తమ్మే ఒప్పుకుందని కూడా చెప్పావు. బావ కొన్న సెకండ్ హ్యాండ్ కారుకు సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదని, వాటి మీద దొర కోసం దుప్పటి పరుస్తానని అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మా గది ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగు అడుగులు. మూడు రోజులుగా నడుస్తూనే ఉన్నాను. ఆ లెక్కన ఈపాటికి జనగామ చేరాల్సింది.

అక్కా, దొరను పంపించలేను. కోపం తెచ్చుకోకుండా విను.

చిన్ని పాకుతూ పోయి దొర గిన్నెలో చెయ్యి పెట్టిన రోజున అత్తమ్మ ఎంత గొడవ చేసిందో గుర్తుంది కదా. ఆ వారంలోనే నాకు ఈ బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. నువ్వు కళ్ళు తుడుచుకుంటూ దొర గొలుసు నా చేతిలో పెట్టావు. బావ బట్టల బ్యాగు అందిస్తూ బస్టాండులో నలుగురి ముందు ఏమన్నాడు? "గిన్ని బట్టలెందుకు బామ్మర్దీ, ఇవి మాసేలోపే వస్తవు." అనడంలో తప్పు లేదు. కరీంనగర్ ఉద్యోగం తొమ్మిది రోజులు, మేడ్చల్ ఉద్యోగం పదహారు రోజులు చేసిన చరిత్ర నాది. కానీ ఆ నలుగురూ నవ్వారు. నాకు పౌరుషం పుట్టి, దసరా దాకా జనగామ గడప తొక్కనని ప్రతిజ్ఞ చేశాను. ప్రతిజ్ఞలు ఖాళీ కడుపుతో చెయ్యకూడదని ఇప్పుడు తెలిసింది.

నాలుగు నెలలైంది. దొర సంగతి ఫోన్లో నేనేం చెబుతూ వచ్చానో నీకు తెలుసు. అన్నం ముట్టడం లేదన్నాను. సాయంత్రమైతే గేటు దగ్గర కూర్చుని రోడ్డు చూస్తున్నాడన్నాను. పిలిస్తే పలకడం లేదన్నాను. ఇప్పుడు అసలు సంగతి చెబుతున్నాను. దొర ఈ కాలనీలో మకుటం లేని మహారాజు. పొద్దున ఇంటి ఓనరు గార్డు గారి భార్య పెరుగన్నం పెడుతుంది. మధ్యాహ్నం సందు చివర మెస్సు నడిపే లక్ష్మక్క మటన్ బొక్కలు వేస్తుంది. సాయంత్రం నేను తెచ్చే విరిగిన బిస్కెట్లు. మెడపట్టీని ఇప్పటికి రెండు రంధ్రాలు వదులు చేశాను. పార్కులో ముసలివాళ్ళు వాకింగ్ చేస్తే వాళ్ళ ముందు వాడుంటాడు. పిల్లలు క్రికెట్ ఆడితే బౌండరీ దగ్గర వాడుంటాడు. మొన్న గ్యాస్ సిలిండర్ అబ్బాయి కింద నిలబడి అరిచాడు, "దొర వాళ్ళ ఇల్లు గిదేనా?" అని. బుక్ చేసింది నా పేరు మీద. నాకు ఇక్కడ పేరు లేదు. నేను దొర వాళ్ళ అన్నను.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను బాగానే ఉన్నాను, ఫికర్ చెయ్యకు. ఉండేది పెంట్‌హౌస్. కంగారుపడకు, హైదరాబాదులో మేడ మీద రేకులు వేసిన ఒంటి గదిని ఆ పేరుతో పిలుస్తారు. ఎండాకాలమంతా అందులో నేను బిస్కెట్ లాగానే కాలాను. ఇప్పుడు వాన పడితే పక్కనున్నవాడి మాట వినపడదు. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు. మెట్ల దగ్గరికి వస్తే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. పని కష్టమేమీ కాదు. ప్యాకెట్ బరువు సరిపోయిందో లేదో చూడాలి. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నాకు తప్ప ఇంకెవరికీ చేతకాని పని అది. ఒంటికి పట్టిన వెనిల్లా వాసన ఎంత రుద్దినా పోదు. వీధికుక్కలన్నీ నన్ను గౌరవంగా ఇంటిదాకా దిగబెడతాయి.

సెలవు రోజున తోచక హాబీలు మొదలుపెట్టాను. మౌతార్గన్ కొన్నాను. అది ఊదితే దొర లేచి గదిలోంచి వెళ్ళిపోయాడు. జిమ్‌లో చేరాను. నాలుగో రోజు నుంచి భుజాలు పైకి లేవక చొక్కా తొడుక్కోవడమే వ్యాయామమైంది. మేడ మీద కుండీల్లో టమాటా నాటాను. ఒక్కటి కాసింది. దాన్ని కోతి తీసుకెళ్ళింది, వెళ్తూ వెళ్తూ నా వైపు చూసింది. రెండు వారాలకు మించి ఏ పనిలోనూ మనసు నిలవదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు.

ఒక ఆదివారం హబ్సిగూడలో హోటల్‌కు వెళ్ళాను. "ఎంతమంది సార్?" అన్నాడు. ఒక్కడినే అన్నాను. వాడు నన్ను తీసుకెళ్ళి ఎవరో పిల్లవాడి పుట్టినరోజు చేసుకుంటున్న కుటుంబం పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. కేకు కోసినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను, కొట్టకపోతే బాగుండదని. నాకూ ముక్క పెట్టారు. ఫొటో తీస్తూ "అన్నా, జర ఇటు జరుగు" అన్నారు. వాళ్ళ ఫోన్లో నేను ఉన్నానిప్పుడు. తర్వాత ఎప్పుడైనా చూసుకుని ఇతనెవరు అని ఒకరినొకరు అడుగుతారు. ఆ రోజు నుంచి బయట తినడం తగ్గించి లక్ష్మక్క మెస్సుకే వెళ్తున్నాను. ఆమె కూడా మొన్న నా ప్లేటు చూసి,

"ఏం తమ్మీ, గింతేనా? నీ కుక్క తిన్నంత గూడ తింటలేవు. మా కూరలు బాగుంటలేవా ఏంది?" అంది.

"బాగున్నాయక్కా. ఆకలి లేదు."

"ఆకలి లేనోళ్ళు ఈడికెందుకొస్తరు? ఇంటి మీద మనసున్నోళ్ళే గిట్ల మెతుకులు కెలుకుతరు. మస్తుమందిని చూసిన."

నేను గంభీరంగా, నాకు జీర్ణకోశ సమస్య ఉందని చెప్పి బయటపడ్డాను.

ఇక నిన్నటి సంగతికి వస్తాను. మా ఓనరు గార్డు గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రాజమండ్రి వైపు మనిషి. ఆయనకో పాత తెల్ల కారుంది. రోజూ పొద్దున పది నిమిషాలు ఇంజను నడిపి, తుడిచి, మళ్ళీ గుడ్డ కప్పుతారు. ఎక్కడికీ వెళ్ళరు. ఆదివారం దొరను తీసుకెళ్తారని చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి డ్యూటీ గుర్తొచ్చినట్టుంది.

"కుక్కని ఒక్కసారే ఎనభై కిలోమీటర్లు కార్లో పంపితే వాంతి చేసుకుంటుందయ్యా. ముందు ట్రయల్ వేద్దాం. నువ్వు నడుపు."

"నాకు లైసెన్సుంది గానీ సార్, నడిపింది ఒక్కసారే."

"నేను వెనకాల ఉంటానుగా."

నిజంగానే వెనక కూర్చున్నారు. ఆయన సర్వీసంతా బండి చివరి డబ్బాలోనే గడిచిందట, ముందు కూర్చుంటే కళ్ళు తిరుగుతాయట. దొర ఆయన ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. ఉప్పల్ సిగ్నల్ దగ్గర కారు మూడుసార్లు ఆగిపోయింది. పక్కనున్న ఆటో అన్న తల బయటపెట్టి, "ఏమన్నా, బండి ఈడ్నే అమ్ముతున్నవా ఏంది?" అన్నాడు. గార్డు గారు తొణకకుండా కిటికీలోంచి ఆకుపచ్చ జేబురుమాలు బయటికి ఊపి, "రైట్, పోనీ" అన్నారు. పోనిచ్చాను. ఆశ్చర్యం, పోయింది.

అన్నోజిగూడ దాకా వెళ్ళి రోడ్డు పక్క దాబాలో ఆగాం. బయట బల్లలు వేశారు, కుక్కను ఎవరూ వద్దనలేదు. రొట్టెలు, పప్పు చెప్పాం. దొర వాంతి చేసుకోలేదు, కనీసం మూలగలేదు. బల్ల కింద వంకర తిరిగి గురక మొదలుపెట్టాడు. గార్డు గారు తింటున్నారు. నేను కూడా తింటున్నాననే అనుకున్నాను. కాసేపటికి ఆయన అడిగారు.

"శ్రీకాంతూ, ఇందాకటి నుంచీ ఎన్ని బస్సులెళ్ళాయి?"

"పదకొండు సార్. అందులో మన జనగామవి నాలుగు."

అని నోటి నుంచి వచ్చాకగానీ నేనేం చెప్పానో నాకు తెలియలేదు. ఆయన నా ప్లేటు వైపు చూశారు. రొట్టె ముక్క కూడా తుంచలేదు.

"కుక్క ఒక్కదాన్ని కూడా చూడలేదయ్యా" అన్నారు. "పాపం, మనం ట్రయల్ వేసింది దానికి కాదు."

ఏదో ఒక జోకు వెయ్యాలని చూశాను. నాకు జోకు తట్టకపోవడం నువ్వెప్పుడైనా చూశావా? నిన్న తట్టలేదు. ఆయన నా ప్లేటును కొంచెం నా వైపు జరిపారు. తిన్నాను.

అక్కా, ఇప్పుడు చెప్పేస్తున్నాను. అన్నం ముట్టనిది నేను. గేటు దగ్గర కూర్చుని రోడ్డు చూసింది నేను. దొర నా పక్కన కూర్చున్నాడు, అంతవరకు నిజం. నువ్వు "ఎట్లున్నవ్‌రా" అని అడిగినప్పుడల్లా ఆ లౌడ్‌స్పీకర్ వెనక బావ నిలబడి వింటున్నట్టు అనిపించేది. నాకు ఇక్కడ బాగుండటం లేదని ఎలా చెప్పను? అందుకని నేను మస్తుగున్నా, దొరకే పానం పడ్తలేదు అని మొదటిసారి అన్నాను. నువ్వు "అయ్యో" అన్నావు. ఆ ఒక్క అయ్యోకు రెండు రోజులు హాయిగా ఉంది. తర్వాత అలవాటైపోయింది. నాకు జ్వరం వస్తే దొరకు జ్వరమన్నాను. నువ్వు చెప్పిన మిరియాల కషాయం నేనే తాగాను. అత్తమ్మ ముక్కు చీదుకోవడం వినపడినప్పుడైనా ఆపాల్సింది. ఆపలేదు. మీరంతా జాలిపడి ఇంత ఏర్పాటు చేస్తారని అనుకోలేదు. తప్పే. అత్తమ్మకు ఎలా చెబుతావో నీ ఇష్టం.

దొర వెళ్ళిపోతే ఈ కాలనీలో నన్ను పలకరించేవాళ్ళు ఉండరేమోనని భయం. నిజం చెప్పాలంటే వాడి వల్లే గార్డు గారు, వాడి వల్లే లక్ష్మక్క. కానీ వాడు నీ కుక్క. నువ్వు అడిగింది వాడి మీద జాలితో అయితే ఆ జాలి అవసరం లేదని చెబుతున్నాను. జాలి కాదు, వాడిని చూడకుండా నీకే ఉండబుద్ధి కావడం లేదంటే ఆ మాట వేరు. అది ఉత్తరాల్లో తేలేది కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం, నువ్వేమంటే అది.

అందుకని, బావను ఆదివారం రావద్దనకు. రమ్మను. కారులో వచ్చేది నేను. సోమవారం కూడా సెలవు పెట్టాను. దొరను గార్డు గారు చూసుకుంటారు, ఆయన ఇప్పటికే బిస్కెట్లు దాచి పెడుతున్నారు. మంగళవారం పొద్దున షిఫ్టుకు తిరిగి నాచారంలో ఉంటాను. ఉద్యోగం మానెయ్యడం లేదని మన ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకు గట్టిగా చెప్పు. రెండుసార్లు చెప్పు, ఒకసారి చెబితే నమ్మరు.

వచ్చేసరికి చింతకాయ తొక్కు నూరి ఉంచు, తిరిగి వచ్చేటప్పుడు లక్ష్మక్కకు కూడా ఒక డబ్బా తెస్తానని మాటిచ్చాను. మౌతార్గన్ చిన్ని కోసం తెస్తున్నాను, నీ అదృష్టం. అత్తమ్మకు నా పాదాభివందనాలు, క్షమాపణలు కలిపి ఒకేసారి అందించు. అమ్మకూ నాన్నకూ నమస్కారాలు. నన్ను దీవించు.

బావకు ముందుగా ఏమీ చెప్పకు. దసరా ప్రతిజ్ఞ సంగతి ఆయనే ఎత్తుతాడు. కారు ఎక్కగానే నవ్వడం మొదలుపెడతాడు. భువనగిరి దాకా నవ్వుకోనీ. ఆ తర్వాత నాకు వినపడదు, వెనక సీట్లో నిద్రపోతుంటాను.

నీ ఆశీస్సులు కోరే,
దొర వాళ్ళ అన్న, నీ తమ్ముడు
శ్రీకాంత్