చలికాలపు చుక్కలు

అవ్వా,

చెరకు బండ్లు బోధన్ దారి పట్టాయి, చలి ముదిరింది. అన్నకూ నీ నీటికాసుల జబ్బే వచ్చింది. ఎండాకాలమంతా కంట్లో చుక్కలు వేసుకున్నాడు. చలి మొదలవగానే సీసా గూట్లో పెట్టేశాడు.

"సలికి కండ్లు సల్లగుంటయి, ఇంక మందెందుకే?" అన్నాడు. అచ్చం నీ మాటే. చూపు పోయేదాకా నువ్వూ వేడి చేసిందనే అనుకున్నావు.

ఇవాళ నిజామాబాద్ డాక్టరు కోప్పడ్డాడు: "కంట్లో ఒత్తిడి చలికాలంలోనే ఎక్కువవుతుంది. ముందు పక్కచూపు పోతుంది."

అన్న నవ్వాడు. ఇంటికొచ్చి కూర్చోబోతూ, పక్కనే ఉన్న నీళ్ల చెంబు తన్నేశాడు.

"గీడ ఎవలు పెట్టిండ్రే?" అని అరిచాడు. నువ్వూ అలాగే అరిచేదానివి.

నీళ్లు తుడిచి సీసా తెచ్చాను. తల ఎత్తనంటున్నాడు. నీ మాట తప్ప ఎవరి మాటా వినడు కదా, అవ్వా. చలికాలంలోనూ చుక్కలు మానొద్దని నువ్వే ఒక ఉత్తరం రాయించి పంపు.