ఊగిన గాంధారం

2004 నవంబరు 3, బుధవారం

మాణిక్యాంబ నన్ను అడక్కుండానే ఫోన్ చేసేసింది. ‘ఏటి మలుపు’ సినిమాకి పనిచేసినవాళ్లు ఎవరైనా ఈ చుట్టుపక్కల ఉంటే ఈ నంబరుకి తెలియజేయండని పేపర్లో వేశారట. మా ఆయన అందులో వయొలిన్ వాయించారండీ, కొవ్వూర్లోనే ఉంటామండీ అని చెప్పిందట. నేను కూరలు తెచ్చేసరికి కాఫీ కలిపి చేతికిచ్చి మరీ చెప్పింది. ఒళ్లు మండిపోయింది. కాఫీ మాత్రం తాగాను.

28న రాజమండ్రి కళాకేంద్రంలో ఆ సినిమా వేస్తారట. మామూలుగా వేయడం కాదు. తెరమీద బొమ్మ నడుస్తూంటే, కింద నలభై ఐదుగురు సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్లు కూర్చుని బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అంతా లైవ్‌లో వాయిస్తారు. మాటలున్నచోట సన్నగా వాయిస్తారట. మాటల్లేని చోట సినిమా సౌండు పూర్తిగా కట్టేస్తారట. పోయి పదిహేనేళ్లయిన మ్యూజిక్ డైరెక్టరు అనంతకృష్ణగారికి ఇది నివాళి.

ఆయన పేరు ఈ ఇంట్లో నేనెప్పుడూ ఎత్తలేదు. మద్రాసు ఎందుకు వదిలేశారని పెళ్లైన కొత్తలో మాణిక్యాంబ అడిగితే, నీళ్లు పడలేదన్నాను. నలభై ఏళ్లుగా అదే మాట మీద ఉన్నాను.

నవంబరు 4

వెళ్లను.

నవంబరు 7, ఆదివారం

వెళ్లాను. పాసింజరెక్కి బ్రిడ్జి దాటేదాకా, దిగి వెనక్కి వచ్చేద్దామనే అనుకున్నాను. నడి గోదావరి మీద దిగడానికి స్టేషన్ లేదు.

ఆర్కెస్ట్రా కండక్టరు ఉదయ్‌కుమార్ హాలు చూసుకోవడానికి మద్రాసు నుంచి వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. నన్ను చూడగానే కాళ్లకి దండం పెట్టాడు. అనంతకృష్ణగారు రాసిన నోట్సులన్నీ వాళ్లింట్లో చెదలు తినేశాయట. అందుకని సినిమానే మళ్లీ మళ్లీ విని, ఏ వాద్యం ఏం వాయించిందో చెవితో పట్టుకుని మొత్తం రాసుకొచ్చాడట. ఎనిమిది నెలలు పట్టిందట. గొప్ప పనే, కాదనను. ఒరిజినల్ ఆర్టిస్టు ఒక్కరైనా మా మధ్య కూర్చుంటే మాకు గౌరవమండీ, వెనక కుర్చీలో కూర్చుని వాయించండి అంటూ ఫస్ట్ వయొలిన్ కాగితాల జిరాక్సు ఇచ్చాడు.

సాయంత్రం 6

ముప్పై ఒకటో పేజీ. రేవు సీను. గాంధార స్వరం మీద మెలికలు తిరిగిన గీత పెట్టి, కింద చిన్నచిన్న స్వరాలతో సహా రాశాడు. ఎంత ఊగాలో, ఎక్కడ ఊగాలో అన్నీ ఉన్నాయి.

నా తప్పుని అచ్చు గుద్దాడు.

నవంబరు 8

రాసి పారేస్తే కాస్త కుదుటపడతానేమో.

1962, మార్చి నెల, మద్రాసు. స్టూడియోలో ముప్పై మందిమి ఉన్నాం. అప్పుడు అందరం ఒకేసారి వాయించాలి. ఒక్కడు తప్పితే అందరూ మొదటికి రావాలి. రేవు సీనులో పడవ వెళ్లిపోతుంది, హీరోయిన్ గట్టుమీద నిలబడి చూస్తుంది. మాట లేదు. మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి, నా వయొలిన్ ఒక్కటే గాంధారం మీద నాలుగు లెక్కలు నిలవాలి. గమకం వద్దు, స్వరం ఊగకూడదు. ఆ పిల్ల ఏడవట్లేదయ్యా, ఊరికే నిలబడి ఉంది, నువ్వు కూడా అలా నిలబడితే చాలు అని అనంతకృష్ణగారు మూడుసార్లు చెప్పారు.

నేనేమో అమలాపురం పక్క పల్లెలో గురువుగారి దగ్గర పదేళ్లు నేర్చుకున్నవాణ్ణి. గాంధారం ఊపకుండా బల్లలా వాయిస్తే నా వేళ్లమీద ఆయన బెత్తం పడేది. ఆ దెబ్బలు నేను మరిచిపోయినా నా వేలు మరిచిపోలేదు. మొదటి టేకులో ఊగింది. రెండోదాంట్లోనూ ఊగింది. మూడోసారి అందరూ బ్రహ్మాండంగా వాయిస్తున్నారు, మూడు లెక్కలు నిలిపాను, నాలుగో లెక్కలో మళ్లీ ఊగింది. అప్పటికి కాల్షీటు అయిపోయింది. ప్రొడ్యూసరు వాచీ చూపించాడు. అదే ఓకే చేసేశారు.

అనంతకృష్ణగారు అందరి ముందూ నా దగ్గరికొచ్చి, ఇది పెళ్లిమేళం కాదయ్యా సూర్యప్రకాశం, రేపట్నించి రావద్దు అన్నారు. గట్టిగా కూడా అనలేదు. సెల్లో వాయించే యెహెజ్కేలు ఒక్కడే గేటు దాకా వచ్చి టీ ఇప్పించాడు. నాకు స్టాఫ్ నొటేషన్, అంటే ఇంగ్లీషు పద్ధతిలో గీతలమీద రాసిన స్వరాలు చదవడం, నేర్పింది కూడా వాడే. వాడు పోయి ఆరేళ్లయింది. ఇక ఈ సంగతి తెలిసినవాడు ఎవడూ లేడు.

ఏ స్టూడియో పిలవలేదు. మూడు నెలలు చూసి వచ్చేశాను. ముప్పై ఏళ్లు గర్ల్స్ హైస్కూల్లో సరళీ స్వరాలు చెప్పుకున్నాను.

సినిమా అప్పట్లో ఆడలేదు. టీవీలొచ్చాక గొప్పదైంది. ఆ రేవు సీనులో వయొలిన్ ఊగినప్పుడు గుండె పిండేసినట్టుంటుందని స్టాఫ్ రూములో టీచర్లే నాకు చెప్పేవారు. అది నేనే అని అందామని నోటిదాకా వచ్చేది. అంటే ఆ తర్వాత ఏమైందని అడుగుతారు.

నవంబరు 15

పోస్టులో బ్రోచరు వచ్చింది. అనంతకృష్ణగారి అమ్మాయి మధులత రాసిన వ్యాసం ఉంది. నాన్నగారు ఓసారి కొవ్వూరు రేవులో కూర్చుని, వెళ్తున్న పడవ ఊగడం చూశారట. ఆ ఊపుని గాంధారంలో పెట్టారట. వయొలినిస్టుకి చేయి పట్టుకుని మూడు రోజులు నేర్పారట.

వయొలినిస్టుకి పేరు లేదు.

మాణిక్యాంబ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. మూడు రోజులు నేర్పింది మీకేనా అండీ అని అడిగింది. నేను పేపరు వెనకనుంచి ఊఁ కొట్టాను.

నవంబరు 24, బుధవారం

రిహార్సల్. వెనక కుర్చీలో కూర్చున్నాను. పక్కవాళ్లంతా పిల్లలు, మంచివాళ్లే. రేవు సీను వచ్చింది. అది ఒక్క వయొలిన్‌కి కాదు, పది ఫస్ట్ వయొలిన్లకీ కలిపి పెట్టాడు ఉదయ్‌కుమార్. నిండుగా ఉంటుందట. పదిమందీ ఒకేసారి, ఒకే కొలతలో, స్కూల్లో డ్రిల్లు చేసినట్టు నా తప్పుని వాయించారు.

ముందు వరసలో మధులతగారు కళ్లు తుడుచుకుంటోంది. తెల్లటి నేతచీర, మెత్తటి మనిషి. ఆవిణ్ణి ద్వేషించడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

నవంబరు 25

ఉదయ్‌కుమార్‌ని పక్కకి పిలిచి మొత్తం చెప్పేశాను. బెత్తం దెబ్బల దగ్గర్నుంచి టీ దాకా. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి హాలు తలుపు దగ్గరకేశాడు. సార్, ఇది ఇంకెవరికైనా చెప్పారా అని అడిగాడు. లేదన్నాను. జనం ఆ ఒక్క చోటు కోసమే వస్తున్నారు సార్, అది తప్పని చెబితే నేనేం వాయించాలి, ఆ అమ్మగారేమైపోవాలి అన్నాడు.

అనంతకృష్ణగారు రాసిందే వాయించు, ఊపకు అన్నాను. అది ఎవరూ వినలేదు కదండీ, విన్నదే కదా పాట అన్నాడు.

తనే ఒక దారి చెప్పాడు. షో అయ్యాక నన్ను స్టేజీ మీదకి పిలుస్తారు. ఆ వయొలిన్ వాయించింది వీరేనని మైకులో చెప్తారు. శాలువా కప్పుతారు. నేను చేయాల్సిందల్లా మధులతగారు రాసినట్టే చెప్పడం.

ఆలోచించుకుంటానన్నాను.

నవంబరు 26

నలభై రెండేళ్లు. ఒక్కసారి నా పేరు. నేను అడుగుతున్నది అంతే.

నవంబరు 27

సరేనన్నాను.

నవంబరు 28, ఆదివారం

హాలు కిటకిట. మెట్లమీద కూడా కూర్చున్నారు. మాణిక్యాంబ పట్టుచీర కట్టుకుని మూడో వరసలో.

నేను మనసులో ఒకటి పెట్టుకుని వెళ్లాను. అబద్ధం ఎలాగూ చెబుతాను కాబట్టి, ఆ చోటు వచ్చినప్పుడు మిగతావాళ్లు ఊపితే ఊపనీ, నేనొక్కణ్ణి నిలపాలని. ఎవరికీ వినబడకపోయినా పర్వాలేదు. పడవ మలుపు దగ్గరికొచ్చింది. సినిమా సౌండు కట్టేశారు. గాంధారం. ఒకటి, రెండు, మూడు. నాలుగో లెక్కలో నా వేలు ఊగింది. అందరికంటే ముందు ఊగింది.

చప్పట్లు. సినిమా నడుస్తూండగానే చప్పట్లు.

అయ్యాక పిలిచారు. మధులతగారు శాలువా కప్పి నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. మైకు ఇచ్చారు. అనంతకృష్ణగారే చేయి పట్టుకుని నేర్పారండీ అన్నాను. అక్కడితో ఆపాల్సింది. మూడు రోజులు కాదు, నాలుగు రోజులు నేర్పారన్నాను. నాలుగు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. రేవు దగ్గర ఆయన పక్కన నేనూ ఉన్నానని కూడా అన్నాను. జనం లేచి నిలబడ్డారు.

బాగుంది. సిగ్గుపడాల్సినంత బాగుంది.

నవంబరు 29

పేపర్లో ఫొటో వేశారు. కింద ‘అనంతకృష్ణ ప్రియశిష్యుడు’ అని రాశారు. వీధిలో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

అందరూ వెళ్లాక మాణిక్యాంబ శాలువా మడతపెడుతూ, అంత ప్రేమగా చూసుకున్న మనిషిని నీళ్లు పడలేదని వదిలేసి వచ్చేశారా, ఇంత కఠినమైన మనసేంటండీ మీది అంది. నిజంగానే బాధపడి అంది.



డిసెంబరు 2, ఉదయం 10

తలుపు వేసుకుని గాంధారం పట్టాను. నాలుగు లెక్కలూ నిలిచింది. వేలు కదల్లేదు. అనంతకృష్ణగారు చెప్పిందేమిటో ఇవాళ విన్నాను.

మాణిక్యాంబ తలుపు తోసి తొంగి చూసింది. అక్కడ ఊగాలి కదండీ, తప్పు వాయించారు అంది.

సరిదిద్దుకుని వాయించాను.