దయచేసి కొమురెల్లిని పొగడకండి

సుబేదారి, హనుమకొండ
9-11-1981

చల్లగాలి టూరిస్టు సర్వీసు మేనేజరు గారికి,

సుబేదారి నుండి సరస్వతమ్మ నమస్కారాలు. మోకాళ్ళు మినహా ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, మీ బస్సూ క్షేమమని తలుస్తాను.

నేను ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని. మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. నా చేతిలో నూటికి డెబ్బై దాటిన పిల్ల లేదు. అట్లాంటి నేను కాగితం, కలం పట్టుకొని కూర్చున్నానంటే విషయం పెద్దదని గ్రహించండి.

మా తమ్ముని భార్య లక్ష్మీనర్సమ్మ హైదరాబాదులో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే లావైంది. మొన్న మా ఇంటికి చుట్టపు చూపుగా వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టకముందే, "మీ ఊర్ల చూసెటియి ఏమన్న ఉన్నయా వదినా, లేకుంటె సాయంత్రం బండికి పోనా?" అన్నది. నాకు ఒళ్ళు మండింది. వెంటనే మీ ఆదివారం యాత్ర బస్సులో రెండు సీట్లు తీసుకున్నాను. ఊరి పరువు తీసుకుపోయి మీ గైడు కొమురెల్లి చేతిలో పెట్టాను.

వేయిస్తంభాల గుడి దగ్గర దిగీ దిగకముందే మా మరదలు మొదలుపెట్టింది. "నిజంగ వెయ్యి ఉన్నయా? ఎవరన్న లెక్కవెట్టిండ్రా?" ఇంకో గైడైతే పళ్ళికిలించి ఊరుకునేవాడు. కొమురెల్లి మాత్రం, "మీరే లెక్కవెట్టుండ్రి అమ్మా, మేం ఆగుతం. నడుమ తప్పితె మల్ల మొదటి సంది" అన్నాడు. ఆమె పంతం కొద్దీ మొదలుపెట్టింది. సగంలో ఎవరో పలకరించారు, లెక్క పోయింది. మళ్ళీ మొదలు. ఈసారి బస్సులోని వాళ్ళందరూ ఆమె వెనక వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ గుడంతా తిరిగారు. ఒకరి లెక్క ఒకరికి కుదరలేదు. చివరికి మా మరదలు ఒక స్తంభాన్ని చేత్తో తడిమి, "ఇది రాయా, అద్దమా వదినా? నా ముక్కుపుల్ల కనవడుతాంది" అన్నది. ఆ హైదరాబాదు నోటి నుంచి మా ఊరి గురించి వచ్చిన మొదటి మంచి మాట అది.

ఇట్లాంటి మనిషిని మీ సంస్థ కళ్ళకద్దుకోవాలి.

మెచ్చుకోలుతో,
సరస్వతమ్మ

తా.క.: మంచిగా పనిచేసిన వాళ్ళకు బహుమతి ఇచ్చే పద్ధతి మీ ఆఫీసులో ఉంటే ఆలస్యం చేయకండి. లేకపోతే పద్ధతి పెట్టండి.

*

చల్లగాలి టూరిస్టు సర్వీసు, హనుమకొండ చౌరస్తా
14-11-1981

శ్రీమతి సరస్వతమ్మ గారి సముఖమునకు,

తమరి ఫిర్యాదు అందినది. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

వేయిస్తంభాల గుడి వద్ద బస్సు ఆగవలసినది అరగంట మాత్రమే. ఆ ఆదివారం అక్కడ అంత ఆలస్యం ఎందుకైనదని అడిగితే డ్రైవరు యాకయ్య "గేదెలు అడ్డమొచ్చినయ్" అని రాసి ఇచ్చాడు. తమరి లేఖ వల్ల నిజం బయటపడినది. వయసు మళ్ళిన ప్రయాణికురాలి చేత పదే పదే స్తంభాలు లెక్కపెట్టించినందుకు గైడు కొమురెల్లికి మెమో ఇవ్వడమైనది.

విధేయుడు,
సారంగపాణి, మేనేజరు

తా.క.: గేదెల విషయమై యాకయ్యకు వేరే మెమో ఇవ్వడమైనది.

*

సుబేదారి
17-11-1981

సారంగపాణి గారికి,

ఆశీస్సులు ఇవ్వాలో లేదో ఉత్తరం చివర తేల్చుకుంటాను.

మీకు చదువు చెప్పిన పంతులు ఎవరు? "కళ్ళకద్దుకోవాలి" అన్న మాటకు మీ ఊళ్ళో "మెమో ఇవ్వాలి" అని అర్థమా? నేను రాసింది ఫిర్యాదు కాదు, పొగడ్త. పోతే, ఆ "వయసు మళ్ళిన" మాట మా మరదలికి చదివి వినిపించలేదు. వినిపిస్తే హైదరాబాదు నుంచి వచ్చి మీ ఆఫీసు ముందు కూర్చుంటుంది. లేవదీయడానికి క్రేను కావాలి.

కొమురెల్లి మీ సమయం వృథా చేశాడనుకుంటున్నారు. చేయలేదు. పోయిన సమయాన్ని ములుగు దగ్గర తిరిగి సంపాదించాడు. అక్కడ మీరు ఏర్పాటు చేసిన హోటలు ముందు బస్సు ఆపితే, లోపలి నుంచి నిన్నటి పప్పు వాసన వచ్చింది. నేను సద్ది కట్టుకొని పోయాను. పులిహోర, పెరుగన్నం, సర్వపిండి, మామిడికాయ తొక్కు. ఇద్దరి కోసం అని చేశాను కానీ, ఇద్దరికి సరిపడా వండడం మా ఇంటావంటా లేదు. నా గిన్నె మూత తీయగానే బస్సులో మాటలు ఆగిపోయాయి. కొమురెల్లి ఒక్కసారి హోటలు వైపు చూశాడు, ఒక్కసారి గిన్నె వైపు చూశాడు. "యాకన్నా, బండి పోనియ్యి" అన్నాడు. ఊరు దాటినంక చింతచెట్ల కింద ఆపి, మోదుగాకులు తెంపించి, తనే అందరికీ వడ్డించాడు. బస్సులో ఉన్న కాజీపేట రైల్వే వాళ్ళు తమ డబ్బాలు తెరిచారు, ఇంకెవరో సకినాలు తీశారు. ముద్ద పెట్టని చెయ్యి లేదు. అందరూ తిన్న తరువాత గాని అతను మెతుకు ముట్టలేదు. మా మరదలు మూడో ముద్దకు, "మీ అడివిల గాలి మంచిగున్నది" అన్నది. గాలినట!

ఇంత చేసినవాడికి ఆ మెమో వెంటనే వాపసు తీసుకోండి.

కోపంతో, అయినా ఆశీస్సులతో,
సరస్వతమ్మ

తా.క.: యాకయ్య సర్వపిండి రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. మనిషికి రుచి తెలుసు. గేదెల గురించి అతన్ని వేధించకండి.

*

చల్లగాలి టూరిస్టు సర్వీసు
23-11-1981

గౌరవనీయులైన సరస్వతమ్మ గారికి,

తమరు అదనంగా సమర్పించిన సాక్ష్యానికి కృతజ్ఞులము.

ఆ ఆదివారం వండిన నలభై భోజనాలు ఎవరూ తినలేదని ములుగు హోటలు వారు మాతో తగాదా పడుతున్నారు. బస్సు అసలు ఆ దారినే పోలేదేమో అని మేము అనుమానిస్తూ వచ్చాము. తమరి దయవల్ల సంగతి పూర్తిగా తెలిసినది. హోటలును దాటవేయుట, బయటి ఆహారమును ప్రోత్సహించుట, విధి నిర్వహణలో వడ్డన చేయుట అను మూడు అభియోగాలు కొమురెల్లిపై కొత్తగా చేర్చి, అతన్ని బస్సు ఎక్కకుండా ఆపి ఉంచాము. విచారణ ముగిసే వరకు జీతం ఉండదు.

విధేయుడు,
సారంగపాణి

తా.క.: నేను బాపట్ల నుంచి ఈ ఊరికి కొత్తగా వచ్చాను. సర్వపిండి అనగా ఏమిటో విచారణ నిమిత్తం తెలుపగలరు.

*

సుబేదారి
27-11-1981

సారంగపాణి గారికి,

సర్వపిండి అంటే ఏమిటో విచారణ నిమిత్తం చెప్పను. ఆకలి నిమిత్తం అడగండి, చెబుతాను.

నిన్న చౌరస్తాలో కొమురెల్లి కనిపించాడు. యాత్ర బస్సు ఎక్కి ఊరిని చూపించవలసిన వాడు, ఎవరిదో చెప్పుల దుకాణం అరుగు మీద కూర్చొని బస్సు పోతుంటే చూస్తున్నాడు. నన్ను చూసి లేచి చేతులు జోడించాడు. "ఏం ఫికర్ పడకు బిడ్డా, మేనేజరుకు ఇంకా ఘాటుగ రాస్త" అన్నాను. అతని మొఖం తెల్లబడ్డది. "నీ కాళ్లు మొక్కుత సరస్వతమ్మా, ఇగ నన్ను పొగడకు. నువ్వు ఇంకొక్కపారి పొగిడితె నా నౌకరి సాంతం పోతది. ఇంట్ల ఐదుగురం తినేటోల్లం" అన్నాడు.

ఆ మాటకు నాకు రాత్రి అన్నం సహించలేదు. అందుకే ఇది పొగడ్త కాదు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. రామప్పలో ఏం జరిగిందో తెలిస్తే మీకే సిగ్గు కలుగుతుంది.

పొద్దు వాలే వేళకు రామప్ప చేరాం. మా మరదలు అప్పటికి అలసిపోయి ఉంది. "బొమ్మలు మంచిగనే ఉన్నయి గని, మా సాలార్‌జంగ్‌ల..." అని మొదలుపెట్టింది. కొమురెల్లి వాదించలేదు. చరిత్ర చెప్పలేదు. రాజుల పేర్లు అప్పజెప్పలేదు. "అమ్మా, నేను చెప్పుడు బందు వెడుతున్న. మీరు సుత ఎవ్వరు మాట్లాడకుండ్రి. జరసేపు చూడుండ్రి. అంతే" అని వెళ్ళి నంది పక్కన నిలబడ్డాడు. బస్సెడు మందీ నోరు మూసుకున్నారు. ఎర్రటి ఎండ ఏటవాలుగా పడి, పైకప్పు కింద ఆ నల్లరాతి ఆడపిల్లల నడుములు మెల్లగా వెలిగాయి. ఒక పిల్ల ముంజేతి గాజుకూ చేతికీ మధ్య సందు కనబడ్డది. నేను పిల్లలకు శిల్పసౌందర్యం అని ఎన్నేళ్ళు వ్యాసాలు రాయించానో! ఆ సందు ఒక్క వ్యాసంలోనూ లేదు.

చాలాసేపటికి మా మరదలు నా చెయ్యి పట్టుకుంది. "ఇంక జరసేపు కూసుందామా వదినా?" అన్నది. సారంగపాణి గారూ, మా తమ్ముని పెళ్ళైనప్పటి నుంచీ ఆమె నన్ను ఏదీ అడగలేదు. చెప్పడమే. ఆ పూట నా ఊరు నా పక్కన కూర్చొని నా పరువు నిలబెట్టింది. దాన్ని అక్కడికి తెచ్చిన వాడు మీ కొమురెల్లి.

చీకటి పడ్డాక తిరిగి వచ్చాం. దారంతా ఆడవాళ్ళం పాటలు పాడాం. పెద్దవాళ్ళు చీకట్లో నడవలేరని అతను బస్సును కాజీపేట దాకా తిప్పించి, ఎవరి గల్లీ ముందు వాళ్ళను దింపించాడు.

ఇప్పుడు చెప్పండి, ఏం తప్పు చేశాడు?

సరస్వతమ్మ

తా.క.: రామప్పలో కొమురెల్లి నోరు మూసుకున్నంత సేపు మీరు మీ ఆఫీసులో కలం మూసుకోగలరా? పందెం.

*

చల్లగాలి టూరిస్టు సర్వీసు
2-12-1981

గౌరవనీయులైన సరస్వతమ్మ గారికి,

తమరు అడిగిన ప్రశ్నకు జవాబు: గైడు మాట్లాడకపోవుట, సూర్యాస్తమయం తరువాత ప్రయాణికులను గుడిలో ఉంచుట, బస్సులో పాటలు అనుమతించుట, అనుమతి లేని గల్లీలలో బస్సు తిప్పుట. మొత్తం నాలుగు.

గైడు పని మాట్లాడుట. మాట్లాడనందుకు జీతం ఇచ్చే పద్ధతి ఏ సంస్థలోనూ లేదు. ఫైలు త్వరలో హైదరాబాదులో యజమాని గారికి పోతుంది. కొమురెల్లి మేలు కోరి ఒక మనవి: ఇక రాయకండి.

విధేయుడు,
సారంగపాణి

తా.క.: రామప్ప నేను ఇంకా చూడలేదు. ఆదివారాలు ఆఫీసులో బుకింగు ఉంటుంది. గాజు, సందు అన్న మాట నిజమేనా?

*

సుబేదారి
5-12-1981

మేనేజరు గారికి (దీని ప్రతి హైదరాబాదులోని మీ యజమాని గారికీ పంపాను),

ఇన్నాళ్ళూ దాచిన నిజం చెప్పక తప్పడం లేదు. గైడు కొమురెల్లి మీద తీవ్రమైన ఫిర్యాదు చేస్తున్నాను.

అతను మహా కఠినుడు. చేతి గడియారం తప్ప మనిషి మొఖం చూడడు. వేయిస్తంభాల గుడిలో దండం పెట్టుకునే వ్యవధి లేకుండా, "నడువుండ్రి, నడువుండ్రి" అని మమ్మల్ని మేకల లెక్క తోలాడు. నా సద్దిగిన్నె మూత తీయనివ్వలేదు. ములుగులో మీ హోటలులోనే బలవంతంగా కూర్చోబెట్టి ఆ పప్పు తినిపించాడు. రామప్పలో క్షణం ఆగకుండా మాట్లాడాడు. పొద్దుండగానే ఊళ్ళోకి తెచ్చి, ముసలివాళ్ళమని చూడక చౌరస్తాలోనే దింపేశాడు. ఒక్క నియమం తప్పి ఉంటే ఒట్టు!

ఇంతకన్న దుర్మార్గుణ్ణి నేను చూడలేదు.

బాధతో,
సరస్వతమ్మ

తా.క.: ఇది చదివాక అతనికి ప్రమోషన్ ఇవ్వాలని మీకు అనిపిస్తే నేను అడ్డు చెప్పను.

*

చల్లగాలి టూరిస్టు సర్వీసు
19-12-1981

అమ్మా,

ఆఫీసు భాష ఈ ఒక్క పూటకు పక్కన పెట్టి రాస్తున్నాను. మీరు కొంప ముంచారు.

మా యజమాని గారు మీ ఉత్తరాల్లో మొదట చదివింది ఆఖరిదే. చదివి నాకు ఫోన్ చేశారు. "ప్రయాణికుల్ని మేకల్లా తోలేవాడు మనకెందుకయ్యా? ఈ రోజే తీసెయ్" అన్నారు. నేను సంతోషించాల్సింది. నెల రోజులుగా నేను కోరుకున్నదీ అదే. కానీ అతను పాటించని నియమాలు పాటించాడని మనిషిని ఎలా తీసేస్తామండీ?

కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళాను. ఫైలు ఆయన ముందు పెట్టి, "ఇది అబద్ధం సార్, కొమురెల్లి అలాంటివాడు కాదు" అన్నాను. రుజువేమిటన్నారు. నా దగ్గరున్న రుజువులు మీ ముందటి ఉత్తరాలే. అభియోగాలుగా గీతలు గీసి పెట్టుకున్న చోట్లన్నీ గొప్పలుగా చదివి వినిపించాను. చింతచెట్ల దగ్గరికి వచ్చేసరికి యజమాని గారు ఫ్యాను ఆపించారు, సరిగా వినబడడం లేదని. రామప్ప ఉత్తరం మాత్రం ఆయన చేతికే ఇచ్చి, మీరే చదవండి సార్ అన్నాను.

అప్పుడు ఆయన అడిగారు: "మరి ఇవన్నీ మన యాత్ర ప్రకటన కాగితంలో ఎందుకు లేవు?"

సరిగ్గా ఆ వేళకే బయట బుకింగు దగ్గర గొడవ. ఒకావిడ కాలనీలోని ఆడవాళ్ళ కోసం బస్సు మొత్తం మాట్లాడడానికి వచ్చి, మా కాగితం చదివి మండిపడుతున్నారు. "స్తంభాలు లెక్కవెట్టనియ్యరా? రామప్పల కూసోనియ్యరా? మా వరంగల్ అంటె ఏమనుకుంటున్నరు మీరు!" అంటున్నారు. పేరడిగితే లక్ష్మీనర్సమ్మ అన్నారు. "మా వరంగల్" అని నాలుగైదు సార్లు అన్నారు. మీకు రుజువు కావాలంటే గుమాస్తా సాక్షి.

ఈ నెల నుంచి యాత్ర కొత్త పద్ధతిలో నడుస్తుంది. కాగితం కొత్తగా రాసే వ్యవధి లేక నా అభియోగాల పత్రమే ప్రెస్సుకు పంపాం. పైన "నేరములు" అన్న మాట కొట్టేసి "విశేషములు" అని పెట్టాం. మిగతా అంతా అలాగే ఉంది. కొమురెల్లికి నిలిపిన జీతం ఇచ్చి, పెద్ద గైడును చేశాం. మొన్న ఆదివారం అతనితో నేనూ బస్సెక్కాను. సందు ఉంది. నిజమే.

నమస్కారాలతో,
మీ సారంగపాణి

తా.క.: తిరిగి పనిలో చేరడానికి కొమురెల్లి ఒక్కటే షరతు పెట్టాడు. ఇకమీదట మీరు అతన్ని పొగుడుతూ గానీ తిడుతూ గానీ ఒక్క ముక్క రాయకూడదట. ఒప్పుకున్నాను. అమ్మా, పనిలో పనిగా నా గురించి కూడా ఏమీ రాయకండి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.