వాచ్‌మన్‌కూ కాంపౌండర్‌కూ రాజీ

ముందుగా క్షమాపణ. ఈ డైరీ బయటపడ్డ రోజున దేశంలోని కంప్యూటర్ మెకానిక్కులందరి పొట్టా కొట్టినవాణ్ణవుతాను. ముఖ్యంగా నాంపల్లి భూపాల్ భయ్‌కి చేతులు జోడించి మనవి: తప్పలేదు. నాకు డిప్లొమా ఉంది.

8 మే 2006, సోమవారం. ఉదయం 10:10

స్థలం: అబిడ్స్‌లో మా యూనీస్ అక్క డీటీపీ షాపు. రోగి: షాపుకున్న ఒకే ఒక్క కంప్యూటరు. లక్షణం: ఈస్టర్ తర్వాత నుంచి అరగంట నడిస్తే చాలు, టప్! ఆరిపోతుంది.

లోపలి వేడి కొలిచే సాఫ్ట్‌వేరు ఎక్కించాను. దానికి కాంపౌండర్ అని పేరు పెట్టాను. అది "తొంభై ఒక్క డిగ్రీలు" అందో లేదో, యాంటీవైరస్ దాని డ్రైవర్ని వైరస్ అనుకుని బయటికి గెంటింది. డ్రైవరంటే కాంపౌండర్ చేతిలో థర్మామీటరు అనుకోండి. యాంటీవైరస్సేమో గేటు దగ్గర వాచ్‌మన్.

ప్రతిజ్ఞ: శుక్రవారంలోగా ఇద్దరికీ రాజీ కుదురుస్తాను. వాచ్‌మన్‌ని ఆపను. భూపాల్ భయ్‌ని పిలవను.

ఏర్పాట్లు: కొత్త నోటుబుక్కు. ఎర్ర పెన్ను. ఈస్టర్‌కి అమ్మ అల్లిచ్చిన లేసు కవరును (లోపల ప్లాస్టిక్ అస్తరు, దుమ్ము చొరబడదు) కంప్యూటరు డబ్బా మీద మళ్లీ నిండుగా సర్దాను. రోగికి దుప్పటి కప్పినంత తృప్తి!

12:30. వనితక్క వచ్చింది. పొలం పనుల మాటల మీద ఆవిడ రాసిన ఎం.ఫిల్. థీసిస్, 143 పేజీలు, ఈ మిషన్లోనే ఉంది. శుక్రవారం యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి.

"అయితదా తమ్మీ?"

"అక్కా, నిశ్చింతగా ఉండు," అన్నాను. గొంతు కూడా గంభీరంగా వచ్చింది.

9, మంగళవారం

11:00. విజయం! వాచ్‌మన్ జాబితాలో 'వీరిని ఆపరాదు' అన్నచోట కాంపౌండర్ ఫోల్డరు చేర్చాను.

11:40. కాంపౌండర్‌ని తెరిచిన ప్రతిసారీ థర్మామీటరుని కొత్త చోట పెడతాడట. వాచ్‌మన్ మళ్లీ పట్టుకున్నాడు. తప్పు నాది కాదు.

12:05. టప్.

"ఒరేయ్ టిమ్మీ! సేవ్ చేసేలోపే రెండు పేజీలు పోయాయిరా!"

యూనీస్ అక్క ఆ పేజీలు మళ్లీ కొడుతోంది. కీబోర్డుని కొట్టే పద్ధతి చూస్తే అది నేనే అనిపించింది.

10, బుధవారం

ఎండ 43. ఇంత ఎండలో ఎవరికైనా రాజీ మాటలు చెవికెక్కుతాయా?

1:00 నుంచి 3:00. బిర్యానీ. మెదడుకి.

3:15. వాచ్‌మన్‌ని ఆపలేదు. ఐదు నిమిషాలు విశ్రాంతి ఇచ్చాను. కాంపౌండర్ వెంటనే "తొంభై రెండు!" అన్నాడు. అంత వేడి మా ఇస్త్రీపెట్టెకి ఉండాలి. వీడు అబద్ధాలకోరని నిర్ధారించాను.

3:20. వాచ్‌మన్‌ని లేపాను. ఇద్దరూ ఎదురుపడ్డారు. స్క్రీన్ మొత్తం నీలం. దాని మీద ఇంగ్లీషులో ఏదో శాపం.

11, గురువారం

వనితక్క పొద్దున్నే థీసిస్ ఫ్లాపీ పట్టుకుని కోఠిలో ఇంకో షాపుకెళ్లి వచ్చింది. మా ఫాంట్లు వాళ్ల మిషన్లో లేవు.

"నా పేరు గూడ పురుగుల్లెక్క కనబడ్డది. తమ్మీ, రేపు నాల్గింటికి ఆఫీసు బంద్. గిది మూడో గడువు, ఇగ ఇయ్యరు. ఊరూరు తిరిగి ముసలోళ్ల నోట్లకెల్లి మూడేండ్లు ఏరుకొచ్చిన మాటలు. గందులో ఇద్దరు పోయిన్రు గూడ."

ఎర్ర పెన్నుకి మూత పెట్టాను.

భూపాల్ భయ్‌కి ఫోన్ చేశాను. పిలవలేదు, సలహా అడిగాను.

విన్నంతసేపు విని, "జ్వరం చూసెటోని పంచాయితీ తెంపుతున్నవ్, మంచిదే. జ్వరం ఎందుకొచ్చిందో ఎవ్వలన్న అడిగిన్రా?" అన్నాడు.

"అది తర్వాతి అధ్యాయం భయ్."

"నీ అధ్యాయం పాడుగాను. పొద్దుగాల మిషిన్ ఎత్కరా."

12, శుక్రవారం

10:30. వైర్లు పీకాను. నాంపల్లి దాకా మోస్తే లేసు మాసిపోతుందని కవరు తీసి కుర్చీలో పెట్టాను.

10:40. భూపాల్ భయ్ ఫోన్: "గౌలిగూడ బస్టాండ్ కాడ ఇర్కున్న. గాడనే ఉండు, నేనే వస్త."

"అందాక ఒక్క పేజీ అన్న ప్రింటు తియ్యి తమ్మీ," అంది వనితక్క. వైర్లు మళ్లీ తగిలించాను.

11:20. 31వ పేజీ. ఈపాటికి టప్ మనాలి.

12:15. 88. యూనీస్ అక్క ప్రింటరులో కాగితాలు నింపింది. నేను కుర్చీలోని కవరు కేసి చూశాను. అది నా కేసి చూసింది.

1:10. 143! వనితక్క కట్టను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని ఆటో కోసం పరుగెత్తింది.

1:25. భూపాల్ భయ్ వచ్చాడు. "నడుస్తున్నదే! ఏం చేసినవ్?"

"రాజీ కుదిర్చాను."

కుర్చీలోని లేసుని పట్టుకు చూశాడు. "మస్తుగున్నది అల్లిక. దేనికిది?"

"టీవీకి," అన్నాను.

14, ఆదివారం

నిన్న వనితక్క జిలేబీ తెచ్చింది. థీసిస్ తీసుకుని రసీదు ఇచ్చారట. "నువ్వు లేకుంటే నా బతుకు ఆగమైతుండె తమ్మీ," అంది. నాలుగు తిన్నాను. ఐదోది తిరిగి పొట్లంలో పెట్టేశాను.

ఇవాళ చర్చి దగ్గర అమ్మ నా ఘనత అందరికీ చెప్పింది. ఆ సంతోషంలో ప్రింటరుకి కూడా కవరు మొదలుపెట్టింది.

వాచ్‌మన్‌కీ కాంపౌండర్‌కీ ఇంకా మాటల్లేవు. కాబట్టి రేపు ఉదయం 10:10 నుంచి ప్రతిజ్ఞ మళ్లీ మొదలు. షరతులు అవే. ఎర్ర పెన్ను అదే.

డైరీలో అబద్ధం ఉండకూడదు గనక రాస్తున్నాను: ఈ వారమంతా నేను నిజంగా చేసింది ఒక్కటే. కవరు తీశాను. అదీ మాసిపోతుందని.