రజిత డిటెక్టర్‌లో నైట్రోజన్

మంగళవారం, అశోక్ నగర్ గది

ఈరోజు ల్యాబ్‌లో మా గైడ్ సార్ అందరి ముందూ రజిత గ్రాఫ్ ఎత్తి చూపించారు. కొత్త జెర్మేనియం డిటెక్టర్‌తో ఆమె తీసిన గామా కిరణాల పీకులు, గ్రాఫ్‌లో పైకి లేచే ఆ శిఖరాలు, సూదిమొనల్లా ఉన్నాయి. పక్కపక్కనే ఉన్న రెండు పీకులూ విడివిడిగా నిలబడ్డాయి. నా పాత డిటెక్టర్‌లో ఆ రెండూ కలిసి ఒకే దిబ్బ. నాలుగేళ్లుగా నాకు ఆ దిబ్బే. ఆమె చేరి ఏడాది కూడా కాలేదు.

సాయంత్రం వచ్చేస్తూ చూశాను. ఆమె డిటెక్టర్‌ను చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ అడుగంటింది. డిటెక్టర్ వేడెక్కితే ఆమె వారం రోజుల కొలత పోతుంది. ఆమెకు చెప్పకుండానే బస్సెక్కాను. నారాయణగూడ దాటింది. చిక్కడపల్లిలో దిగాక గానీ ఫోన్ చేయలేదు.

"అయ్యో అక్కా! హాస్టల్‌ల ఉన్న, ఇప్పుడే ల్యాబ్‌కు ఉరుకుత," అంది.

అరగంటకు మళ్లీ చేసింది. "నింపిన అక్కా. జర లేటయితే అంతా ఖతమే. రేపు నీ శాంపిల్ గూడ దీంట్లనే పెడదాం, సార్‌ను నేనడుగుత."

దారి పొడవునా ఆమె కొలత పాడైపోవాలని కోరుకున్నానని ఎలా చెప్పను? రేపు శాంపిల్ తీసుకెళ్లాలంటే సిగ్గుగా ఉంది. అయినా తీసుకెళ్తాను, నాకు తెలుసు. అక్కడ కూడా నా పీకులు ఆమెవాటికంటే సన్నగా రావాలనే...