పండుగకు తుడిచిన అద్దం

సారాయెవో,
29 మార్చి 1993

అమ్మకు,

నెర్మీనా సలాములు. ఈ ఉత్తరం రాసే గంటకు అమ్మమ్మా నేనూ ప్రాణాలతో ఉన్నాం. స్ప్లిట్ ఊళ్లో నువ్వూ తమ్ముడూ కుశలమని తలుస్తాను. రేపు ఊరు దాటి వెళ్తున్న విలేకరి ఒకాయన దీన్ని నీకు చేరుస్తానన్నాడు.

నువ్వు పంపిన కాఫీ పొడి అందలేదు. దారిలోనే ఎవరో తాగేసి ఉంటారు. మేం పప్పు మాడ్చి పొడి కొట్టి కాచుకుంటున్నాం. పక్కింటి స్లావ్కో మామయ్య ఒక గుక్క తాగి, "ఇది కాఫీ కాదే పిల్లా, కాఫీకి సంతాపసభ" అన్నాడు. అయినా కప్పు ఖాళీ చేశాడు.

కాలేజీ వారానికి రెండు రోజులు, నేలమాళిగలో. వెళ్లాలంటే కొండమీది తుపాకుల కంట పడకుండా రెండు కూడళ్లు పరిగెత్తి దాటాలి. పరిగెత్తేముందు అందరం బూట్ల లేసులు చూసుకుంటాం. నా భయమంతా వీపులోనే ఉంటుంది. దాటిన చాలాసేపటికి గానీ వీపు నాది కాదు.

అమ్మమ్మ తన చేత్తో ఒక్క ముక్కయినా ఎందుకు రాయలేదని అడిగావు. ఆ ప్రశ్న దాటేద్దామనే ఇంతసేపూ కాఫీ, కాలేజీ అంటూ తిరిగాను.

నీ ఉత్తరం వచ్చేనాటికి అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఐదు రోజులు. "నా వంతు రొట్టె నువ్వే తిను, నాకు ఈ బతుకు చాలు" అనేది. కళ్లజోడు పగిలినప్పటినుంచి నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను. ఆ రోజు నువ్వు రాయని మాట ఒకటి కలిపి చదివాను: "అమ్మా, ఈ బైరామ్‌కు కూడా కిటికీ అద్దాలు తళతళలాడాలి. మురికి అద్దాలతో మనింట్లో పండుగ ఎప్పుడు జరిగింది?"

అమ్మమ్మ లేచి కూర్చుంది. "దీని పెత్తనం చూడు! అంత దూరం పోయి కూడా నాకు పనులు పురమాయిస్తోంది!" ఆ పూట రొట్టె మొత్తం తింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంట్లో అద్దాలెక్కడివి, అన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలే కదా అని నా ధీమా. పడకగదిలో కొండవైపు కిటికీకి మేకులు కొట్టిన కంబళి వెనక ఒక అద్దం పగలకుండా ఉందని మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు.

పండుగ ముందురోజు నేను నీళ్ల వరుసలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి స్లావ్కో మామయ్య ఆమెను భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు.

"మేకులు పీకుతున్న చప్పుడైతే వెళ్లానే. పట్టపగలు, ఎండలో, కుర్చీ ఎక్కి అద్దం తుడుస్తోంది! 'దిగు పెద్దమ్మా, వాళ్లు చూస్తారు!' అని అరిచా. 'మూల ఒక్కటే మిగిలిందిరా' అంది..."

తూటా కుడి భుజంలో దిగింది. తీశారు. ఇప్పుడు గాయం చీము పట్టింది, జ్వరం తగ్గడం లేదు. "మందు దొరికితే..." అంటాడు డాక్టరు, ఆ తర్వాత కిటికీలోంచి చూస్తాడు. రోజంతా ఆమె ఊపిరి చప్పుడే వింటూ కూర్చుంటున్నాను. అది కాస్త ఆగితే నాదీ ఆగుతోంది. నిన్న కళ్లు తెరిచి, "అద్దం తుడిచానని మీ అమ్మకు రాయి. సంతోషిస్తుంది" అంది. ఆ మాట నీది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అమ్మా, ఎవరు వచ్చేవాళ్లుంటే వాళ్ల చేత వెంటనే రెండు కాగితాలు పంపు. ఒకదాంట్లో, తుడవమని నువ్వే చెప్పినట్టు, మెచ్చుకుంటూ రాయి. అది ఆమెకు వినిపిస్తాను, ఒక్క అక్షరం కలపను. రెండోది నాకు. ఎంత కోపమున్నా అందులో రాసెయ్యి.

అవి చేరేసరికి వినడానికి అమ్మమ్మ లేకపోతే, రెండూ నేనే చదువుకుంటాను.

ఇట్లు,
అమ్మమ్మ మంచం పక్కనుంచి
నీ కూతురు
నెర్మీనా